లాభం, రెండు, మూడు

28-1-2025, మంగళవారం

రోజా ఫోన్ చేసింది. వాళ్ల అమ్మకు కాదు, నాకు చేసింది!

"బాపు, ఏం జేస్తున్నవ్?" అంది. పదకొండేండ్ల నుంచి నా బిడ్డ ఫోన్‌లో నన్ను అడిగే మొదటి మాట "అమ్మ ఉన్నదా?" అనే. ఈరోజు అమ్మ ఊసే లేదు. పాత కారు కొన్నదట, తెల్లది. బోధన్‌లో తను పనిచేసే ల్యాబు డాక్టరమ్మదట. గుంతలో పడితే ముందు నుంచి టక్ టక్ అంటుందట, స్టీరింగ్ చేతిలో ఊగుతుందట.

"మెకానిక్‌కు సూపెట్టినవా బిడ్డా?" అన్నాను.

"చూపెట్టిన. రెండు దిక్కుల టై రాడ్ ఎండ్లు అరిగినయ్ అన్నడు. కొత్తయి కొనుక్కొచ్చిన. బిగిచ్చుడు మాత్రం నువ్వే బిగియ్యాలె."

నేనేనా అని మళ్లీ అడిగాను. నువ్వే అంది. బోధన్ నిండా మెకానిక్కులు ఉండగా నా బిడ్డకు నేను గుర్తొచ్చాను. ఫోన్ పెట్టేసి ఇంట్లో నుంచి వాకిట్లోకి, వాకిట్లో నుంచి ఇంట్లోకి నాలుగుసార్లు తిరిగాను. వాళ్ల అమ్మ సుమిత్ర బీడీలు చుట్టే చాట ఒళ్లో పెట్టుకుని చూస్తున్నది.

"ఏందట్ల తిరుగుతున్నవ్? కడుపుల నొస్తుందా?" అంది.

"సంబురం సుమిత్రా, సంబురం!" అన్నాను.

కన్ను సంగతి రోజాకు చెప్పాల్సిన పని లేదు. ఇది కంటితో చేసే పని కాదు, చేత్తో చేసే పని.

30-1-2025, గురువారం

కారు వచ్చింది! రోజానే నడుపుకుంటూ తెచ్చింది. సగం పూట సెలవు పెట్టి, బోధన్ నుంచి నిజామాబాద్ దాకా ముప్పై స్పీడు దాటకుండా వచ్చిందట. గేటు ముందు హారన్ కొడితే చెప్పులు లేకుండానే ఉరికాను. ముప్పై ఆరేండ్లు చెరకు లారీలు, ట్రాక్టర్లు నడిపిన వాణ్ని, కార్లు చూడని వాణ్ని కాదు. కానీ స్టీరింగ్ ముందు నా బిడ్డ కూర్చుని ఉంటే కండ్లలో నీళ్లు తిరిగాయి. జలుబు చేసినట్టు ముక్కు తుడుచుకున్నాను.

చక్రాన్ని రెండు పక్కలా పట్టుకుని ఊపి చూశాను. కదిలే పన్ను లాగా లటలట ఊగింది. టై రాడ్ ఎండ్ అంటే స్టీరింగ్ మాటను చక్రానికి చేరవేసే కడ్డీ చివరి కీలు. మనిషికి మోకాలు ఎట్లనో చక్రానికి అది అట్ల. అది అరిగితే చక్రం మాట వినదు.

"తొందరేం లేదు బాపు. ఒక దిక్కు నువ్వు చెయ్యి, ఇంకో దిక్కు ఆదివారం నేనొస్త, ఇద్దరం కలిసి చేద్దాం. పై ఆదివారం నిన్నూ అమ్మనూ ఈ కార్లనే బోధన్ తీస్కపోత" అంది. చాయ తాగి బస్సుకు పోయింది. ఇంకో కప్పు పోయించుకుంది కూడా!

ఆమె పోయాక సుమిత్ర చాటలో నుంచి తల ఎత్తకుండా అంది: "మంచిగ సూసి చెయ్యి. ఇందల్వాయి యాదికున్నదా?"

రాయొద్దనుకున్నాను. రాస్తాను. పదకొండేండ్ల కింద రోజా కానిస్టేబుల్ పరుగు పరీక్షకు పోవాలి. మూడు నెలలు తెల్లారకముందే లేచి గ్రౌండుకు ఉరికింది. అప్పుడు మాకు పాత జీపు ఉండేది. స్టీరింగ్ ఊగుతున్నది, చూపించమని సుమిత్ర రెండు రోజుల ముందే చెప్పింది. నేను "ఏం కాదు" అన్నాను. ఇందల్వాయి దాటగానే కీలు ఊడింది. జీపు మక్కజొన్న చేనులోకి పోయింది. నాకు గీత కూడా పడలేదు. రోజా కాలు విరిగింది.

ఒక్క మాట అనలేదు నా బిడ్డ. తిట్టినా బాగుండేది. అప్పటి నుంచి నేను నడిపే బండి ఎక్కలేదు, అంతే. సుమిత్ర అయితే ఏ బండిలోనూ కన్ను మూయదు. బస్సులో కూడా ముందు సీటు కడ్డీ గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది. నన్ను కూడా నిద్రపోనియ్యదు.

అయిపోయింది. ఇప్పుడు నువ్వే అంది కదా.

1-2-2025, శనివారం

కుడి దిక్కు పూర్తి! పక్కింటి బాలన్న జాకీ ఇచ్చాడు. ఫ్యాక్టరీలో ఫిట్టరు పని చేసినవాడు కదా, జాకీ ఇచ్చి ఊరుకోడు, గోడ మీద కూర్చుని సలహాలు కూడా ఇస్తాడు.

"లింగన్నా, వెనుక టైర్లకు రాళ్లు పెట్టినవా?"

"పెట్టిన."

"స్టాండు పెట్టినవా కింద?"

"పెట్టిన తమ్మీ. నువ్వు పుట్టకముందే పెట్టిన."

"నట్టు అక్కడుంటే పానా ఇక్కడ పెడ్తున్నవేందే? కండ్లద్దాలు ఏడున్నయ్?"

"అద్దాలు నీకు గావాలె, నాకెందుకు?" అన్నాను. నట్టు కొంచెం పక్కకు ఉండింది, అంతే. నీడ పడింది.

పాతది విప్పేటప్పుడు ఎన్ని చుట్లు తిప్పితే ఊడిందో లెక్కపెట్టుకోవాలి. కొత్తది సరిగ్గా అన్నే చుట్లు ఎక్కించాలి. ఒక్క చుట్టు తేడా వచ్చినా చక్రం వంకర చూస్తుంది. ఈ ముచ్చట పుస్తకంలో చదివింది కాదు, చెరకు లారీల కింద పండుకుని నేర్చుకున్నది. ఎప్పటిలాగే లాభం, రెండు, మూడు అనుకుంటూ విప్పాను. మా బాపు కల్లంలో వడ్లు కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనేవాడు కాదు, లాభం అనేవాడు. ఒకటితో మొదలుపెడితే ఒకటి దగ్గరే ఆగిపోతామనేవాడు. నా నోటికి ఇప్పటికీ ఒకటి రాదు.

పంతొమ్మిది చుట్లకు ఊడింది. పంతొమ్మిది చుట్లు ఎక్కించాను. నా చేతులు ఏమీ మరిచిపోలేదు!

2-2-2025, ఆదివారం

ఇంతటి రోజు నా బతుకులో మళ్లీ వస్తుందో రాదో. అన్నీ రాస్తాను.

రోజా పొద్దున ఎనిమిదింటికే దిగింది. పాత చుడీదార్ వేసుకుని, చున్నీ నడుముకు కట్టుకుని, "చెప్పు బాపు, నేనేం జెయ్యాలె?" అంది. చక్రం నట్లు తనే విప్పింది. పానా మీద కాలు పెట్టి తొక్కింది. విరిగిన కాలుతోనే తొక్కింది. నేను చూడనట్టు ఉన్నాను.

సుమిత్ర గడప మీద నుంచి, "ల్యాబుల రక్తం తీసే చేతులకు గ్రీసు పూస్తున్నవు. రేపు సూది గుచ్చితే ఎవ్వనికో గ్రీసు ఎక్కుతది" అంది.

"ఎక్కనీయమ్మా, కీళ్లనొప్పులు పోతయ్" అంది రోజా. ముగ్గురం నవ్వాము. మా ముగ్గురి నవ్వు ఒక్కసారి కలిసి ఎన్నేండ్లయిందో.

కీలు బిగుసుకుపోయి రాలేదు. సుత్తితో పక్క నుంచి నాలుగు దెబ్బలు వేస్తే టప్‌మని ఊడింది. తర్వాత నేను కారు కిందికి పోయి చుట్లు విప్పుతూ గట్టిగా చెప్తుంటే, రోజా సిమెంటు గచ్చు మీద చాక్‌పీసుతో గీతలు గీసింది. నాలుగు గీతలు నిలువు, అయిదోది అడ్డం. ల్యాబులో ఏవేవో అట్లనే లెక్కపెడతారట. చదువుకున్న పిల్ల పద్ధతే వేరు! ఎడమ దిక్కు కూడా పంతొమ్మిదికే ఊడింది. రెండు పక్కలా సమానం, కంపెనీ పని అంటే అట్ల ఉంటుంది.

ఎక్కించేటప్పుడు, "నువ్వు నడుము వాల్చు బాపు, నేను తిప్పుత" అంది. గీతలు చూసుకుంటూ, లోపల లెక్కపెట్టుకుంటూ తనే తిప్పింది. నేను మంచం మీద కూర్చుని నా బిడ్డ చేతులు చూస్తూ కూర్చున్నాను. నా బొటనవేలే, అచ్చం.

"మిషన్ మీద అలైన్‌మెంటు చేయిద్దామా?" అంది.

"ఎందుకు? దారంతోని సూస్త. లారీలకు గట్లనే సూసేటోళ్లం" అన్నాను. వెనుక చక్రం నుంచి ముందు చక్రం దాకా దారం లాగి పట్టుకుంటే, ముందు చక్రం రెండు అంచులూ దారానికి ఆనాలి. సుమిత్ర లావు సుతిలి తెచ్చిస్తే వద్దన్నాను, బీడీలు కట్టే దారమే తీసుకున్నాను. ఎంత సన్నగా ఉంటే అంత పక్కా లెక్క. రోజా వెనుక పట్టుకుంది, నేను ముందు పట్టుకుని ఒంగి చూశాను.

"ఆనిందా బాపు?"

"ఆనింది."

ఆనింది.

తర్వాత రోజా నడిపింది, నేను పక్కన కూర్చున్నాను. ఒకే బండిలో, నా బిడ్డా నేనూ, పదకొండేండ్లకు! సారంగాపూర్ దాకా పోయి వచ్చాము. టక్ టక్ లేదు, ఊగుడు లేదు. స్టీరింగ్ నడిమి గుర్తు కొద్దిగా వాలినట్టు అనిపించింది, బండి కొద్దిగా ఎడమకు పోతున్నట్టు అనిపించింది. ఆ రోడ్డు వాలే అట్ల ఉంటుంది, వానకాలం నీళ్లు పోవడానికి.

సాయంత్రం బోధన్ పోయింది. సందు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూనే ఉన్నాను.

3-2-2025, సోమవారం

రోడ్డు వాలే.

4-2-2025, మంగళవారం

రోజా ఫోన్ చేసింది. కారు ఎట్లుంది అంటే "మంచిగున్నది బాపు" అంది. అదిగో, నేను చెప్పలేదా! వచ్చే ఆదివారం మమ్మల్ని తీసుకుపోతుందని సుమిత్ర గుర్తు చేసింది. తెల్ల చొక్కా ఇస్త్రీకి ఇచ్చి వచ్చాను.

బాలన్నను మాటల మీద అడిగాను, సారంగాపూర్ రోడ్డు ఎడమకు వాలి ఉంటుంది కదా అని.

"రోడ్డు నడుమ ఎత్తుగ ఉంటది, రెండు దిక్కుల వాలుతది. పోంగ ఎడమకు గుంజితే, రాంగ గూడ ఎడమకే గుంజుతది. ఎందుకే?"

"ఊకెనే" అన్నాను.

పోయేటప్పుడూ ఎడమకే, వచ్చేటప్పుడూ ఎడమకే. బాలన్న మాట ప్రకారం చూసినా అది రోడ్డు వాలే కావాలి.

రోడ్డు నడుమ కూడా నడిపింది కదా ఒకసారి, ఎదురుగా ఎవరూ లేనప్పుడు. అప్పుడు చూడలేదు నేను. మాటల్లో ఉన్నాను.

6-2-2025, గురువారం

సుమిత్ర గచ్చు కడుగుతానని బకెట్ తెచ్చింది. ఆ చాక్‌పీసు గీతలు నా బిడ్డ చేతి గీతలు, ఉండనీ అన్నాను.

"ఇంట్ల ఫొటోలున్నయ్, అవి సూసుకో. గచ్చు కడగనియ్యి" అంది.

సరే, కడిగేముందు ఒకసారి కూర్చుని చూశాను. ముచ్చటకే లెక్కపెట్టాను. అయిదు, పది, పదిహేను, ఆపైన మూడు.

పద్దెనిమిది.

మళ్లీ లెక్కపెట్టాను. వేలు పెట్టి లెక్కపెట్టాను. పద్దెనిమిదే. లోపలికి వచ్చి ఈ బుక్కు తీసి చూస్తే ఆదివారం నాడు నా రాతతో పంతొమ్మిది అని ఉంది.

చాలాసేపు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. నేను కారు కింద నుంచి "లాభం" అన్నాను. రోజా గీత గీయలేదు. పని మొదలుపెట్టే ముందు దండం పెట్టుకున్నట్టు అనుకుంది. "రెండు" అన్నప్పుడు మొదటి గీత గీసింది. చివర నేను పంతొమ్మిది అన్నా, తను గీతలనే నమ్మింది. పాపం, ఆమెకేం తెలుసు. కల్లం చూసిన పిల్ల కాదు, బీడీ కట్టల మధ్య పెరిగింది. నేను ఎన్నడూ చెప్పలేదు.

తప్పు లాభం దగ్గర ఉంది. నాది కాదు.

దారం చూసింది నేనే. ఒక చుట్టు తేడా ఉంటే దారానికీ టైరు అంచుకూ మధ్య రెండు అగ్గిపుల్లల మందం సందు కనపడాలి. ఆనింది అన్నాను. సుమిత్ర లోపలికి పోయాక బీడీ దారం ఒకటి తలుపు గొళ్లానికి కట్టి, లాగి పట్టుకుని, ఆదివారం లాగే ఎడమ కన్ను మూసి చూశాను.

దారం లేదు. తలుపు కూడా సరిగ్గా లేదు. పాలు ఒలికినట్టు ఉంది.

దసరా ముందు కంటి క్యాంపులో డాక్టరు చూసి, కుడి కంటికి పొర వచ్చింది, తీయించుకోమన్నాడు. నాలుగు నెలలైంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇంకెవరైనా నన్ను బండి ముట్టనిస్తారా?

ఆదివారం దారం ఆనిందా లేదా నేను చూడలేదు. ఆనాలి అనుకున్నాను, ఆనింది అన్నాను.

7-2-2025, శుక్రవారం

రోజాకు ఫోన్ చేయలేదు.

చేస్తే ఏమంటుంది? "బాపు, నువ్వే" అన్న బిడ్డ, ఈసారి ఏమీ అనకుండా బస్సులో వస్తుంది, బస్సులో పోతుంది. మళ్లీ "అమ్మ ఉన్నదా?" అంటుంది.

ఒక్క చుట్టే కదా. కొద్దిగానే లాగుతుంది. టైర్లు అరుగుతాయి, అంతకన్నా ఏం కాదు.

ఏం కాదు అని రాశాను. పైన చూసుకుంటే నా చెయ్యే రాసింది. అప్పుడు జీపు స్టీరింగ్ కూడా కొద్దిగానే ఊగేది.

8-2-2025, శనివారం

ఏడింటికి చేశాను. ఆమె డ్యూటీకి బయలుదేరే ముందు చేయాలని.

"బిడ్డా, కారు తియ్యకు" అన్నాను.

"ఎందుకు బాపు?"

అంతా చెప్పాను. లాభం సంగతి చెప్పాను. అది మొదటి చుట్టు అని, ఒక గీత తక్కువ పడిందని చెప్పాను. దాని తర్వాత ఆగిపోయాను. అక్కడిదాకా చెబితే తప్పు ఇద్దరిదీ అవుతుంది, అక్కడే ఆపేయొచ్చు. సుమిత్ర తలుపు దగ్గర నిలబడి వింటున్నది. ఇక చెప్పేశాను. "దారం నాకు కనపడలే బిడ్డా. కుడి కన్నుల పొరొచ్చింది. కనపడకున్నా ఆనింది అన్న."

ఫోన్ చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాను.

"నేను సోమవారం కెళ్లి బస్సులనే పోతున్న బాపు" అంది.

"ఆఁ?"

"ఆదివారం ఇంటికి పోంగ దారిలనే తెలిసింది. ఎడపల్లి దాటినంక చెయ్యి వదిలితే పక్కకు పోతుంది. ఇంటికాడ పెట్టేసిన, మళ్ల తియ్యలే."

"మరి మంచిగున్నది అంటివి?"

"నువ్వు చెప్తవా లేదా అని చూసిన."

మంచం మీద కూర్చున్నాను.

"అప్పుడు గూడ నీకు తెలుసు బాపు, జీపు సంగతి. అమ్మ చెప్పింది. అయినా నన్ను ఎక్కించినవ్. నాకు కాలు ఇరిగినందుకు కోపం లేకుండె. తెలిసి చెప్పకపోతివి గదా, అదే." ఆ వెంటనే, "సరే, రేపు పానాలు పట్టుకొని నువ్వే రా. అమ్మను గూడ తీస్కరా. మొత్తం విప్పుదాం, మొదటికెళ్లి లెక్కపెడదాం" అంది.

నువ్వే రా అంది! కన్ను సంగతి తెలిసిన తర్వాత కూడా నువ్వే రా అంది!

ఫోన్ పెట్టాక సుమిత్ర నా ముఖం ముందు చెయ్యి ఆడించింది. "నాలుగు నెలలా? నా ముఖం గూడ కనపడుతలేదా?"

"ఎడమ కన్నుతోని కనపడుతుంది."

"గందుకేనా, కూర నల్లగ మాడినా ఏమంటలేవు" అని కొంగుతో కండ్లు తుడుచుకుంది.

9-2-2025, ఆదివారం

ఈరోజుది కూడా ఏదీ వదలకుండా రాస్తాను, సంబురంతో.

బాలన్న జాకీ గోనె సంచిలో వేసుకుని బోధన్ బస్సు ఎక్కాము. కండక్టరమ్మ సంచిని కాలితో తోసి, "ఏందిది తాతా, దొంగసొమ్మా?" అంది. "నా బిడ్డ కారుకు ఆపరేషన్ ఉన్నదమ్మా" అన్నాను. బస్సు బస్సంతా వినేటట్టు చెప్పాను.

రోజా వాళ్ల వాకిట్లో చక్రం విప్పి పెట్టి తయారుగా ఉంది. "ఒక్క చుట్టు ఎక్కిస్తే అయిపోతది గదా" అంటే వినలేదు. పూర్తిగా విప్పించింది. ఈసారి కింద నుంచి తిప్పింది తను, గీతలు గీసింది సుమిత్ర. ఇరవై అయిదు బీడీల కట్టను చూడకుండా వేళ్లతో లెక్కపెట్టే మనిషి, ఆమె దగ్గర లెక్క తప్పుతుందా?

"లాభం" అంది రోజా కారు కింద నుంచి.

"గీసిన" అంది సుమిత్ర.

"రెండు."

"గీసిన. జల్ది చెప్పు, నడుము పట్టేసింది."

నేను ఏం చేశానంటే, ఏమీ చేయలేదు. పానా అడిగితే పానా అందించాను. ఎక్కించేటప్పుడు కూడా లాభంతోనే మొదలుపెట్టి పంతొమ్మిదికి ఆపింది. నట్టు ఎంత బిగించాలో మాత్రం నా చెయ్యి పెట్టించి చూపించాను. దానికి కన్ను అక్కర్లేదు.

దారం రోజా చూసింది. "ఆనింది" అంది. అని ఒక్క క్షణం ఆగి, "నిజంగ ఆనింది బాపు" అంది.

తర్వాత బోధన్‌లోనే మిషన్ మీద కూడా పెట్టి చూపించాము, నేనే పెట్టిద్దామన్నాను. ఆ పిలగాడు ఏదో చూసి, "తేడా వెంట్రుకంత ఉండె, సరిచేసిన. ఎవరు బిగిచ్చిండ్రు?" అన్నాడు. రోజా మా ఇద్దరి దిక్కు చూపించి, "మేం ముగ్గురం" అంది.

సాయంత్రం మమ్మల్ని నిజామాబాద్‌లో దింపడానికి బయలుదేరింది. నేను ముందు, సుమిత్ర వెనుక. కంటి డాక్టరు దగ్గరికి మంగళవారం తనే ఈ కారులో తీసుకుపోతుందట, పేరు రాయించేసింది కూడా. నేను సరే అన్నాను. ఎడపల్లి దాటాక రోడ్డు తిన్నగా, ఖాళీగా ఉంది. స్పీడు తగ్గించి, "చూడు బాపు" అని రెండు చేతులూ స్టీరింగ్ మీద నుంచి వేలంత ఎత్తు లేపింది. కుడి కన్ను మూసుకుని ఎడమ కన్నుతో చూశాను. బండి గీత గీసినట్టు సూటిగా పోయింది.

"సుమిత్రా, సూసినవా!" అన్నాను.

పలకలేదు. వెనక్కి తిరిగితే, సీటు కడ్డీ పట్టుకునే చెయ్యి ఒళ్లో ఉంది. తల కిటికీకి ఆనించి, నోరు తెరుచుకుని, నిద్రపోతున్నది.